మామ చూపించిన ఉత్తరాది

లీవు ఖాయమై, టికెట్టు కూడా తీశాక, పెద్ద మామా బాత్రూంలో జారిపడింది.

కువైట్‌లో ఇంటిపనికి వచ్చినవాళ్ళం యజమానురాలిని మామా అంటాం. రుమైథియాలో నేను పనిచేసే ఇంట్లో మామాలు ఇద్దరు. ఇల్లు నడిపే మామా బడిలో టీచరు. ఆమె తల్లి పెద్ద మామా. తుంటి విరిగింది ఈ పెద్దావిడకే. ఆపరేషన్ చేయించి ఇంటికి తెచ్చిన రోజే మామా వంటింట్లోకి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. యజమానురాలు చేతులు పట్టుకుందంటే ఆ తర్వాత వచ్చేది మనకు పనికొచ్చే మాట కాదని నాకు ఇన్నేళ్ళలో బాగా తెలిసొచ్చింది. "ఇప్పుడు వద్దు. అమ్మ లేచి నడవనీ. ఆ తర్వాత ఎన్ని రోజులు కావాలంటే అన్ని రోజులు వెళ్ళు," అంది. ఖలాస్. నా కాశీ, నా ఆగ్రా, నా ఢిల్లీ అన్నీ ఆ బాత్రూం గచ్చు మీదే జారిపడ్డాయి.

మాది సిద్ధవటం పక్క. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఇక్కడే, జాబ్రియాలో ఒక ఇంటికి డ్రైవరుగా ఉండేవాడు. నేను ఊర్లో ఉండేదాన్ని. ఆయనకు సుగరొచ్చి, అది కళ్ళ మీదికి పోయి, బండి నడపడానికి పనికిరాడని పంపించేశారు. ఆయన వచ్చేశాక ఇల్లు గడవాలి కదా, నేను ఎక్కాను విమానం. ఆయన ఇక్కడున్నప్పుడు నేను అక్కడ, నేను ఇక్కడున్నప్పుడు ఆయన అక్కడ. ఇద్దరం పక్కపక్క సీట్లలో కూర్చుని చేసిన పెద్ద ప్రయాణం ఏదంటే కడప దాకా పల్లెవెలుగు బస్సు. అందులోనూ ఆయనకు సీటు దొరకలేదు, నిలబడే వచ్చాడు.

తిరుపతి కళ్ళ డాక్టరు, కంట్లో సూదులు వేస్తూ, చూడాలనుకున్న ఊర్లేమైనా ఉంటే త్వరగా చూసి రమ్మన్నాడట. ఆ మాట విన్నాకే ఈ యాత్ర అనుకున్నాం. కడప నుంచి ట్రావెల్స్ వాళ్ళు తీసుకుపోతారు. కొంత రైలు, కొంత బస్సు, కూడా వంటవాళ్ళు, తెలుగు మాట్లాడే గైడు. మా ఆయన కళ్ళలో వెలుతురు ఉండగానే ఇద్దరం కలిసి నాలుగు ఊర్లు చూడాలి. నాకున్న కోరికల్లా అదొక్కటే. బంగారం అడిగానా, మేడ అడిగానా?

లీవు పోయిందని చెప్పగానే ఆయన, "నువ్వు రాకుంటే నేనేంటికి పోతా మే? నేనూ పోను," అన్నాడు.

"ముసిలామె తుంటి అతుక్కునేదాకా నీ కండ్లు ఆగుతాయా మామా? పో. పోయి సూసిరా," అన్నాను.

మా పక్క పెళ్ళాం మొగుణ్ణి మామా అంటుంది. ఈయన నాకు వరసకు కూడా మేనమామే. కాబట్టి నా బతుకులో మామాలు ముగ్గురు. ముగ్గురిలో ఎవరికి కోపమొచ్చినా నాకు అన్నం సయించదు.

చివరికి ఒప్పుకున్నాడు. నా సీటులో ఆయన చిన్ననాటి జతగాడు బయల్దేరాడు. "నిన్ను ఇడ్సిపెట్టి పోతాండాననుకోవద్దు. ఫోన్లో తోడుకపోతా. నేను ఏం సూస్తే నువ్వు అదే సూడు," అన్నాడు మా ఆయన. అది మాకు కొత్త కాదు. ఆయన ఇక్కడున్న రోజుల్లో, యజమాని కుటుంబాన్ని ఫింటాస్ సముద్రం ఒడ్డుకు తీసుకుపోయినప్పుడల్లా ఫోను చేసి, ఫోను నీళ్ళ వైపు పెట్టి అలల చప్పుడు వినిపించేవాడు. నేను సిద్ధవటంలో వాకిట్లో కూర్చుని వినేదాన్ని. గాలి హోరు తప్ప ఏమీ వినపడేది కాదు. అయినా పెట్టేయమని అనలేదు ఒక్కసారీ.

కాశీ మొదటి ఊరు. ఆ రోజు పొద్దున నేను మామా పిల్లలకు గుడ్లు వేయిస్తున్నాను. చెవిలో ఇయర్‌ఫోను, ఎదురుగా పంచదార డబ్బాకు ఆనించిన ఫోను. మా ఆయన తన ఫోనును చొక్కా జేబులో, కెమెరా బయటికి వచ్చేట్టు పెట్టుకున్నాడు. నాకు కనపడిందల్లా ఎవరెవరివో వీపులు, ఒక ఆవు మూతి, మెట్లు, మళ్ళీ వీపులు. గైడు మైకులో గంగమ్మ గురించి ఏదో చెబుతున్నాడు. "మామా, గంగ యాడ? నాకు ఎవరిదో గొడుగు కనపడ్తాంది," అంటే, ఫోను తీసి గాల్లో ఊపాడు. ఆకాశం కనపడింది. కాశీ ఆకాశం రుమైథియా ఆకాశంలాగే ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఒక ఫోను పట్టుకోవడం చేతకాదా ఈ మనిషికి, కార్లు నడిపినవాడు!

కాశీకి పోయినవాళ్ళు ఇష్టమైన పండొకటి, కూర ఒకటి అక్కడ వదిలేసి రావాలి. మళ్ళీ ఈ జన్మలో ముట్టకూడదు. పురోహితుడు వరసగా అందరి చేతా చెప్పిస్తూ మా ఆయన దగ్గరికి వచ్చి, అమ్మగారు రాలేదా అని అడిగాడు.

"ఈడుండాది," అని మా ఆయన ఫోను చూపించాడు.

పురోహితుడి ముఖం నాకు స్పష్టంగా కనపడింది. పాపం, ఆయనకి ఇది కొత్తేమీ కాదనుకుంటా. అమ్మా, ఏది వదులుతారు అని నన్నే అడిగాడు. కాకరకాయ అన్నాను. "అది నీకు ఎప్పుడిష్టం మే? దేవుని కాడ గూడ దొంగ లెక్కలా?" అని మా ఆయన కసిరాడు. సరే, సీతాఫలం అన్నాను. కువైట్‌లో దొరికి చచ్చేది కాదు కదా. ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? జిలేబీ వదిలేస్తున్నానన్నాడు. జిలేబీ పండూ కాదు, కూరా కాదు. పైగా డాక్టరు ఎప్పుడో మాన్పించింది. జతగాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. గుడ్లు మాడిపోయాయి.

పెద్ద మామాకి ఒంటరిగా గదిలో ఉండటం భయం. చక్రాల కుర్చీలో వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టమంటుంది. అలా ఆవిడ కూడా మా యాత్రలో చేరింది. ఇండియా అంటే ఆవిడకు బొంబాయే. వాళ్ళాయన ఎప్పుడో వ్యాపారానికి వెళ్ళేవాడట. ఫోను వైపు వేలు చూపించి, "మీ ఊరా?" అని అడిగేది. కాదంటే, "మీ ఊరికి దగ్గరా?" అనేది. రెండు రాత్రులు రైల్లో పోవాలి అంటే నమ్మేది కాదు. రెండు రాత్రులు పోయినా అదే దేశమా అని చేతులు తిప్పేది. నా దేశం నాకూ తెలీదని ఆవిడకు ఎలా చెప్పను? నేనూ ఆవిడా ఒకేసారి, ఒకే ఫోనులో చూస్తున్నాం.

ప్రయాగ నేను ఎదురుచూసిన ఊరు. అక్కడ మూడు నదులు కలిసేచోట మన పక్క నుంచి పోయిన ఆలుమగలు వేణీదానం చేస్తారు. మొగుడు పెళ్ళాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తల దువ్వి, జడ అల్లి, జడ కొస కొంచెం కత్తిరించి గంగలో వదలాలి. మా అత్త చేయించుకుని వచ్చి, ఆ ముచ్చట చచ్చేదాకా చెప్పింది. మొగవాడు తల దువ్వడమనేది మా ఇళ్ళల్లో ఇంకెక్కడా జరగదు. దానికోసమని లీవు ఖాయమయిన దగ్గరనుంచి నేను జుట్టు కత్తిరించుకోలేదు, కొబ్బరినూనె తెప్పించుకుని మరీ పెంచాను.

ఆ రోజు ఫోను జతగాడి చేతిలో ఉంది కాబట్టి అంతా బాగా కనపడింది. ఒడ్డున వరసగా జంటలు. ముసలమ్మలు సిగ్గుతో చచ్చిపోతూ మొగుళ్ళ ఒళ్ళో కూర్చుంటున్నారు. ఒక పెద్దాయనకు జడ అల్లడం రాక మూడు పాయల్ని ముడివేసేశాడు. వాళ్ళావిడ కొట్టింది చేతి మీద. నాకు ఎంత కుళ్ళొచ్చిందో చెప్పలేను. మా ఆయన ఒక్కడే పక్కన నిలబడి, చేతులు కట్టుకుని, వాళ్ళ వైపు కాకుండా నీళ్ళ వైపు చూస్తున్నాడు. వాళ్ళను చూడలేక అటు తిరిగాడనుకున్నాను. నేను స్నానాలగదిలోకి పోయి, జడ విప్పి, మళ్ళీ నేనే అల్లుకుని బయటికి వచ్చాను.

ఆగ్రాలో పొద్దున పూట. ఇక్కడ ఇంకా పిల్లలు బడికి పోలేదు, నేను వాళ్ళ డబ్బాలు సర్దుతున్నాను. పెద్ద మామా పాలలో రొట్టె ముంచుకుని తింటోంది. ఫోను మోగింది. జతగాడు నీళ్ళ సీసా కొనడానికి పోయాడట, మా ఆయన ఒక్కడే ఉన్నాడు. గొంతులో ఎంత హుషారో.

"మే, వచ్చినాం! ఇదో, సూడు! ఎంత తెల్లగుండాదో సూడు, పాలతో కడిగినట్ల!"

చూశాను. ఫోనులో ఎర్రటి గోడ. పెద్ద ద్వారం, దాని ముందు టోపీలు పెట్టుకున్న జనం. తాజ్ మహల్ లేదు.

"మామా, అది ఎర్రగుండాది గదా," అన్నాను. ఆట పట్టిస్తున్నాడనుకున్నాను.

"ఏంది ఎర్రగుండేది? నీ ఫోను పాడయ్యింటాది. నడిమిట్ల పెద్ద గుమ్మటం, నాలుగు దిక్కులా నాలుగు కంబాలు. అగుపడ్తాండాయా?" బస్సులో గైడు చెప్పిందంతా అప్పజెబుతున్నాడు. లోపలికి వచ్చాక ఎప్పుడో వెనక్కి తిరిగిపోయి, దాటి వచ్చిన ద్వారం వైపే ఫోను పట్టుకుని నిలబడ్డాడు. జనమంతా ఆయనను దాటుకుని అటుపక్కకు పోతున్నారు.

"మామా! అట్ల గాదు మామా! ఎనక్కు తిరుగు! మామా!" అని గట్టిగా అరిచాను.

మామా పైనుంచి మెట్లు దూకుతూ వచ్చింది. తలకు తువ్వాలు, ఒక కాలికే చెప్పు. తల్లి మళ్ళీ పడిందనుకుంది. పెద్దావిడ నిక్షేపంగా రొట్టె తింటోంది. "ఎందుకు పిలిచావ్?" అంది నన్ను, రొప్పుతూ. మిమ్మల్ని కాదు, మా ఆయన్ని అన్నాను. మీ ఆయన్ని మామా అంటావా అంది. మా పక్క అంతే అన్నాను, వచ్చిన అరబీలో. మామా గోడకానుకుని, "అయితే ఇన్నేళ్ళుగా నేను నీ మొగుణ్ణా?" అని నవ్వింది చూడండి, పిల్లలు కూడా వచ్చి నవ్వడం మొదలుపెట్టారు. నేను కూడా, భయంలోనే, నవ్వేశాను.

పెద్ద మామా నవ్వలేదు. ఫోను తన చేతిలోకి తీసుకుని, దగ్గరగా పెట్టుకుని చూస్తోంది. అక్కడ మా ఆయన ఫోను తిప్పడంలో కెమెరా తన వైపుకే తిరిగిపోయింది. ఆయన ముఖం కనపడుతోంది. ఎదురుగా ఎండ కొడుతున్నా కళ్ళు చిట్లించడం లేదు.

"మా ఇషూఫ్," అంది పెద్ద మామా. ఈయనకు కనపడదు అని.

వంటింట్లో నవ్వులన్నీ ఆగిపోయాయి. మామా పిల్లల డబ్బాలు నా చేతిలోంచి తీసుకుని మూతలు పెట్టుకుంది.

నాకు ముందు ఏడుపు రాలేదు, కోపమొచ్చింది. సూదులు వేయించుకున్నాక శానా మేలు అన్నాడే! పేపరు చదువుతున్నానన్నాడే! ఆ కోపం ఆయన మీద విసరడానికి ఫోను లాక్కున్నాను. తీరా నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది.

"మామా, నేను చెప్పినట్ల చెయ్. ఎనక్కు తిరుగు. ఇంగ కొంచెం. ఆఁ, సాలు. ఫోను బయటి పక్కకు పెట్టు. కొంచెం పైకెత్తు."

తాజ్ మహల్ వచ్చింది ఫోనులోకి. నా అరచేతిలో, అంత చిన్నది.

"వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది."

"ఎట్లుండాది?" అని అడిగాడు.

అన్ని రోజుల్లో ఆయన ఆ మాట అడగడం అదే మొదటిసారి. అంతవరకూ నాకు ఆయనే చెబుతూ వచ్చాడు, ఇదుంది, అదుంది అని. నేను చెప్పడం మొదలుపెట్టాను. ఊరికే తెల్లగా లేదు మామా, వెన్న కాచేముందు ఉంటాది సూడు, ఆ మాదిరి కొంచెం పసుపుగా ఉండాది అన్నాను. ముందర నీళ్ళు, నీళ్ళలో మళ్ళా అదే తలకిందులుగా ఉండాది అన్నాను. కంబాలు ఎంత ఎత్తుండాయి అని అడిగాడు. మన సిద్ధవటం కోట బురుజు మీద ఇంకో బురుజు పెట్టినా సాలదు అన్నాను. అబ్బో అన్నాడు. నాకు కనపడటం లేదని ఆయనా చెప్పలేదు, నీకు కనపడటం లేదు కదా అని నేనూ అడగలేదు.

సాయంత్రం జతగాడికి విడిగా ఫోను చేశాను. నేను కసరడానికే చేశాను. ఆయన నా గొంతు వినగానే ఏడ్చేశాడు. "చెప్పొద్దని ఒట్టేయించుకున్యాడు వదినా. ఎడమ కంట్లో ఏం లేదు. కుడి కంట్లో ఓరగా కొంచెం మసక. నీకు తెలిస్తే పోనియ్యవని చెప్పలేదు."

"కనపడనప్పుడు ఏంటికి పోయినట్ల? ఏం సూస్తామని?"

"సూసేదానికి గాదు వదినా. నీకు సూపీల్లని వచ్చినాడు."

ఆ రాత్రి కూర ఏం వండానో, ఎవరు తిన్నారో నాకు గుర్తులేదు.

మరుసటి రోజు నుంచి పెద్ద మామాలో ఒక మార్పు. వ్యాయామం చేయించే ఫిలిప్పీను అమ్మాయి వస్తే అంతకుముందు కేకలు పెట్టి పంపించేసేది. ఇప్పుడు వాకర్ తెమ్మంటుంది. పళ్ళు కొరుక్కుంటూ లేచి నిలబడుతుంది, రెండడుగులు వేసి నా వైపు చూస్తుంది. మంచి మాట ఒక్కటీ అనదు. నువ్వు వండిన బిర్యానీలో ఉప్పు లేదు అంటుంది, నడుస్తుంది. నేను పోయేది ఆవిడ కాళ్ళ మీద ఆధారపడి ఉందని ఆవిడకీ తెలుసు. ఆవిడ ఎప్పుడు కూర్చున్నా నాకు గుండె జారేది.

ఢిల్లీలో గైడు పని పూర్తిగా నాదే అయిపోయింది. మైకులో ఆ కుర్రగైడు ఏ రాజు ఎవర్ని చంపాడో చెప్పుకుపోతుంటే, మా ఆయన పక్కకు వచ్చేసి, "ఆ పిల్లోని మాటలొద్దు. నువ్వు చెప్పు," అనేవాడు. కుతుబ్ మినార్ చెప్పాను. కింద లావు, పైకి పోయేకొద్దీ సన్నం, ఒళ్ళంతా రాత అని చెప్పాను. రాతలు చేతికి తగులుతాయా చూడు అంటే, దగ్గరికి పోనీయడం లేదు అన్నాడు. పక్కనున్న పాత గోడ తడిమి, "రాయి సల్లగుండాది," అన్నాడు. ఎర్రకోట చెప్పాను. నేను చెప్పే ఎరుపు ఎలాంటి ఎరుపో చెప్పమని పట్టుబట్టాడు. మన కొండల్లో నరికేసిన ఎర్రచందనం దుంగ లోపలి ఎరుపు అన్నాను. అప్పటికి తృప్తిపడ్డాడు. వంటింట్లో నిలబడి, చేతిలో గరిటెతో, జన్మలో చూడని ఊర్లను నోటికొచ్చినట్టు చెబుతూ పోయాను. ఆయన పక్కన నడుస్తూ, ఆయన చెయ్యి పట్టుకుని, చెవిలో చెప్పాల్సిన మాటలు అవన్నీ. ఆ చెయ్యి జతగాడి భుజం మీద ఉంది. నాకు ఆ భుజం మీద కూడా అసూయే.

ఆఖరి రోజు. కోట ముందు గడ్డి మీద అందరూ కూర్చుని పులిహోర తింటున్నారు. మధ్యాహ్నం ఇక్కడ పెద్ద మామా కునుకు తీస్తోంది, ఇల్లు సద్దుమణిగింది. మా ఆయన ఫోను చేశాడు. మళ్ళీ కోట చెప్పబోయాను.

"కోట సాలు మే. నీ మొగం సూపీ," అన్నాడు.

ఇన్ని రోజులూ నా వైపు కెమెరా ఆపేసే ఉంచాను. మామా వాళ్ళ ఇల్లు కనపడకూడదని ఒకటి, నూనె కారుతున్న నా ముఖం ఎందుకులే అని ఒకటి. ఇప్పుడు ముఖం కడుక్కున్నాను. వెలుతురు బాగుంటుందని కిటికీ దగ్గరికి పోయాను. తలగుడ్డ తీసేసి, జడ ముందుకు వేసుకుని, కెమెరా పెట్టాను.

ఆయన ఫోను దగ్గరికి తెచ్చుకున్నాడు. ఇంకా దగ్గరికి, ముక్కుకు తగిలేదాకా. కోట పోయింది, గడ్డి పోయింది, ఫోను నిండా ఆయన కుడి కన్ను ఒక్కటే. నేరుగా చూడలేదు. ఒక పక్కకు, ఇంకో పక్కకు, ఓరగా తిరుగుతూ వెతుకుతోంది. నేను పాస్‌పోర్టు ఫోటోకు కూర్చున్నట్టు కదలకుండా నిలబడ్డాను. ఊపిరి కూడా మెల్లగానే తీసుకున్నాను. మామా, చూసుకో, ఉన్నంత వెలుతురూ నా మీదే పెట్టి చూసుకో అని లోపల మొక్కుకున్నాను.

చాలాసేపు చూశాడు.

"శానా చిక్కిపోయినావే," అన్నాడు.

కువైట్ తిండికి నేను ఎంత లావయ్యానంటే, ఊరి నుంచి తెచ్చుకున్న రవికలు మోచెయ్యి దాటి పైకెక్కవు.

"అవును మామా," అన్నాను. "శానా చిక్కిపోయినా."